సాదా గోలీకీ ఒక హిసాబ్ ఉంటుంది

మన ఊళ్లలో పారాసిటమాల్‌ను ఎవరూ దవా కింద లెక్కగట్టరు. జ్వరం గోలీ, నొప్పుల గోలీ, డోలో... ఏ పేరుతో అడిగినా ఉప్పు, చింతపండు పక్కనే దొరికే సామాను అది. దాని మీద రెండు రకాల మాటలే వినిపిస్తాయి. "ఏం గాదు ఖాలా, సాదా గోలీ" అని చేతిలో పెట్టేవాళ్లు ఒకవైపు. "అదంతా జహర్, లివర్ ఖరాబ్ చేస్తది" అని వాట్సాప్‌లో తోసేవాళ్లు మరోవైపు. నా ఎతరాజ్ ఈ ఇద్దరి మీదా ఉంది. మొదటివాళ్లు లెక్క చెప్పరు, రెండోవాళ్లు లెక్క చూడరు.

పాలంపేటకు నేను ఎక్కువగా రామప్ప గుడి వార్తల కోసమే పోతుంటాను. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరి కెమెరాలూ 1213 నాటి ఆ గుడి మదనికల నడుం వంపు మీదే. చెరువు కింది పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ల నడుం వంపు ఎవరి ఫొటోలోకీ రాదు. పొద్దంతా బురదలో వంగి, సాయంత్రం ఇంటికి పోతూ రెండు గోలీలు కొనుక్కుపోతారు. రేపు మళ్లీ వంగాలి కదా. రోజు కూలీ మీద బతికేవాళ్లకు ఆ గోలీ వైద్యం కాదు, రేపటి హాజరీ.

కొట్లో గోలీలమ్మడం నేరమని కొందరు పట్నం డాక్టర్లు గుస్సా అవుతారు. కానూన్ అలా లేదు. జనాభా వెయ్యి దాటని ఊళ్లలో కొన్ని ఇంటి మందులను లైసెన్సు లేకుండానే అమ్ముకోవచ్చని మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ 'కె' చెబుతుంది. ఆ జాబితాలో పారాసిటమాల్, ఆస్పిరిన్ రెండూ ఉన్నాయి. అయితే విప్పని ప్యాకింగ్‌లోనే అమ్మాలన్నది షరతు. చిన్న ఊళ్లోనూ పెద్ద ఊళ్లోనూ జరిగేది వేరు. పట్టీని కత్తెరతో కత్తిరించి రెండు గోలీలు చేతిలో పెడతారు. పేరున్న ముక్క ఒకరికి, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఇంకొకరికి పోతుంది. అర్ధరాత్రి బుఖార్ వస్తే దవాఖాన దూరమయ్యే చోట ఈ గోలీ దొరకడం మేలే. దాన్ని ఆపమని నేననను. దాని పేరూ మిఖ్దారూ గోలీతో పాటే ఇంటికి రావాలంటాను.

ముందు పనితనం సంగతి. జ్వరం దించడానికి, తలనొప్పికి, పంటినొప్పికి పారాసిటమాల్ మంచి మందు. సరైన మోతాదులో వేసుకుంటే కడుపులో పుండ్లు పడే భయం చాలా తక్కువ. అందుకే డాక్టర్లు మొదట దాన్నే రాస్తారు. కానీ వాపును అది పెద్దగా తగ్గించదు. నడుం నొప్పి విషయంలో మనకున్న యకీన్‌కు పరిశోధన మద్దతు లేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొత్తగా నడుం పట్టేసిన 1,652 మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2014లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. క్రమం తప్పకుండా గోలీ వేసుకున్నవాళ్లు, నొప్పి ఉన్నప్పుడే వేసుకున్నవాళ్లు, మందు లేని ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లు... ఇలా మూడు గుంపులు. మొదటి రెండు గుంపులు కోలుకోవడానికి సుమారు 17 రోజులు పట్టింది. ఉత్తుత్తి గోలీ గుంపుకు 16 రోజులు. అంటే నడుమును బాగుచేసింది గోలీ కాదు, గడిచిన రోజులు.

ఇదే గోలీ మన సియాసత్‌లోనూ నలిగింది. 2020 మార్చిలో కరోనాకు పారాసిటమాల్ చాలన్నట్టు అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మాట్లాడారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో జగన్ కూడా ఆ పేరే ఎత్తారు. జోకులు పేలాయి. తర్వాత ఇంటింటి జ్వరం సర్వేలో పంచిన కిట్లలోనూ ఈ గోలీ ఉంది. అందులో తప్పేం లేదు, ఒళ్లు కాలుతుంటే వేడి దించాలి కదా. కానీ అది వైరస్‌ను ముట్టుకోదు. నడుం విషయంలోనూ అంతే. బాధను దించడం వేరు, మర్జ్‌ను తీయడం వేరు. ఈ రెంటినీ కలిపేసే అలవాటు నాట్లేసే ఆమె నుంచి నాయకుడి దాకా అందరికీ ఉంది.

ఇక ఖతరా సంగతి. వేసుకున్న పారాసిటమాల్‌ను చాలామటుకు జిగర్, అంటే కాలేయం, నిరపాయంగా మార్చి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. గ్లుటాథయోన్ అనే పదార్థం దాన్ని పట్టి అణచేస్తుంది. గోలీలు ఎక్కువైతే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, విషం కాలేయం మీద పడుతుంది. అసలు ప్రమాదమేమిటంటే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కొంచెం వికారం, అంతే. రెండు మూడు రోజులకు కళ్లు పచ్చబడేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. దీనికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎనిమిది గంటల్లోపు పడితే బాగా కాపాడుతుంది. అందుకే ఎక్కువ మింగారని తెలిస్తే, మనిషి బాగానే కనిపిస్తున్నా ఇంతజార్ చేయకుండా దవాఖానకు పరుగెత్తాలి.

పెద్దవాళ్లకు రోజు హద్దు నాలుగు గ్రాములు. 500 గోలీలైతే ఎనిమిది, 650వైతే ఆరు. గోలీకీ గోలీకీ మధ్య కనీసం నాలుగు గంటలు, కుదిరితే ఆరు. రంజాన్‌లో తలనొప్పని పగటి వాటా కూడా కలిపి ఇఫ్తార్‌కూ సహ్రీకీ మధ్య కుక్కేయకూడదు. పిల్లలకు బరువును బట్టే మోతాదు, పెద్దల గోలీని విరిచి వేయడం హిసాబ్ కాదు. తెలుగులో 'మందు' అంటే దవా, శరాబ్ రెండూను. రెండో మందు రోజూ తాగేవాళ్లకు, సరైన తిండి లేనివాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఎంతన్నది డాక్టర్నే అడగాలి.

హద్దు దాటడానికి పిచ్చి సాహసమేం అక్కర్లేదు. జ్వరానికి 650 గోలీలు నాలుగు, అంటే 2,600. జలుబు గోలీలో 500 కలిపి ఉంటుంది, రెండేస్తే 1,000. నడుం నొప్పికి ఎసిక్లోఫెనాక్‌తో కలిపిన గోలీలో 325 ఉంటుంది, రెండేస్తే 650. మొత్తం 4,250 మిల్లీగ్రాములు. వేసుకున్న మనిషి లెక్కలో మూడు వేర్వేరు మందులు. జిగర్ లెక్కలో ఒకటే.

సాదా గోలీకి నొప్పి తగ్గకపోతే కొన్నిచోట్ల 'సెట్టు' కట్టిస్తారు. అందులో డైక్లోఫెనాక్ ఉండొచ్చు, స్టెరాయిడ్ ఉండొచ్చు. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగిన మనిషి కిడ్నీలకు మరీ కీడు. నాకు పారాసిటమాల్ కన్నా, దాని తర్వాత వచ్చే ఈ పేరులేని పొట్లం అంటేనే ఎక్కువ ఫికర్.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ని. ఒకప్పుడు ఇదే రియాసత్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వైద్యశాస్త్రాన్నే ఉర్దూలో చెప్పింది. శరీరశాస్త్రమంతా ఇమిడిన మన జబానుల్లో 'రోజుకు ఆరు దాటొద్దు' అన్న ఒక్క వాక్యం ఇమడదా? పట్టీ మీద మెరుపు కాగితంపై చీమ తలంత ఇంగ్లిష్ అక్షరాలు. అది చదవగలిగిన వాళ్లకు ఆ గోలీతో అంత పని పడదు. పని పడేవాళ్లు చదవలేరు.

కాబట్టి నా మాంగ్ చిన్నదే. ప్రతి గోలీ వెనకా మందు పేరు కనిపించాలి. పట్టీ మీద రోజు హద్దు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పొట్లం కట్టేవాళ్లు అందులో ఏముందో రాసివ్వాలి. వానాకాలం నాట్లకు ముందు ఆశా కార్యకర్త ఒక్కసారి ఊళ్లో ఈ లెక్క చెప్పాలి. నడుం నొప్పికి అసలు దవా మధ్యలో కాసేపు నడుమెత్తే వ్యవధి, కూలీ తెగని ఒక రోజు సెలవు. అవి ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్లు. అంతవరకూ కొట్టాయన 'సాదా గోలీ' అన్నప్పుడల్లా రెండు ప్రశ్నలు అడగండి: "ఇందులో ఏముంది భాయ్? రోజుకు ఎన్ని దాటొద్దు?"