యంత్రం కొంటే చాలునా?

పిల్లలూ! మీరు ఎప్పుడైనా పిండి మరకు వెళ్లారా? మోటారు ఒక పక్కన తిరుగుతూ ఉంటుంది. దాని నుంచి ఒక బెల్టు వెళ్లి మర చక్రాన్ని తిప్పుతుంది. అలాంటి మరలు పదులకొద్దీ ఒకే భవనంలో ఉన్నాయనీ, వాటన్నిటినీ తిప్పేది ఒకే ఒక్క ఆవిరి యంత్రమనీ ఊహించుకోండి. సుమారు 130 ఏళ్ల క్రితం అమెరికాలో చాలా కర్మాగారాలు అలాగే ఉండేవి.

పైకప్పు కింద పొడవాటి ఇనుప ఇరుసు తిరుగుతూ ఉండేది. దాని నుంచి ఒక్కొక్క యంత్రానికీ ఒక్కొక్క బెల్టు దిగేది. దూరం పెరిగేకొద్దీ శక్తి వృథా అవుతుంది కదా! అందుకని యంత్రాలను దగ్గర దగ్గరగా, అంతస్తు మీద అంతస్తుగా అమర్చేవారు. ఒక్క యంత్రం నడపాలన్నా ఇరుసు మొత్తం తిరగవలసిందే.

1882లో ఎడిసన్ న్యూయార్క్‌లో విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించాడు. ఇక కర్మాగారాల్లో ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగిపోయి ఉంటుందని మీరనుకోవచ్చు. కాని అలా జరగలేదు. 1899లో కూడా అక్కడి కర్మాగారాలను నడిపే శక్తిలో విద్యుత్ మోటార్ల వాటా 5 శాతం లోపే. మోటారు కొన్నవారిలో చాలామంది ఆవిరి యంత్రాన్ని తీసేసి, ఆ చోట పెద్ద మోటారు పెట్టి ఊరుకున్నారు. ఇరుసు పాతదే, బెల్టులు పాతవే!

తరువాత ఒక్కొక్క యంత్రానికీ ఒక్కొక్క చిన్న మోటారు బిగించడం మొదలైంది. దాంతో ఇరుసు అవసరం తీరిపోయింది. యంత్రాలను పని జరిగే వరుసలో పెట్టుకోవడానికి వీలు కలిగింది. ఒకే అంతస్తులో, గాలీ వెలుతురూ వచ్చే కర్మాగారాలు వెలిశాయి. 1920లలో ఉత్పత్తి గట్టిగా పెరిగింది. అంటే విద్యుత్తు ఫలితం పూర్తిగా కనబడడానికి సుమారు 40 ఏళ్లు పట్టిందన్నమాట!

ఈ పాత కథ ఇప్పుడెందుకు? 1987లో రాబర్ట్ సోలో అనే ఆర్థిక శాస్త్రవేత్త ఒక చిక్కు ప్రశ్న లేవదీశారు. ఎక్కడ చూసినా కంప్యూటర్లు ఉన్నాయి. కాని మనిషి గంటకు చేసే పని ఎంత పెరిగిందని లెక్కలు చూస్తే ఆ ఫలితం కనబడడం లేదు. ఎందుచేత? 1990లో పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఈ విద్యుత్ మోటార్ల చరిత్రనే దానికి జవాబుగా చూపారు. యంత్రం మారితే చాలదు, పనిచేసే పద్ధతి కూడా మారాలి అన్నదే అందులోని సారం.

మన రైల్వేలనే చూడండి. ఒకప్పుడు రిజర్వేషన్ అంటే లావుపాటి రిజిస్టర్లు, రైలుకో కౌంటరు, కౌంటరుకో క్యూ. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్లు వచ్చాయి. ఏ కౌంటరులోనైనా టికెట్ దొరకసాగింది. కాని ఒక కేంద్రంలోని కంప్యూటరుకు మరో కేంద్రంలోని ఖాళీల సంగతి తెలియదు. 1994లో ‘కన్సర్ట్’ అనే కొత్త పద్ధతి మొదట సికింద్రాబాద్‌లో అమలైంది. 1999లో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలను కలిపారు. అప్పటినుంచి ఎక్కడినుంచి ఎక్కడికైనా టికెట్ కొనడం సాధ్యమైంది. కంప్యూటర్లు ముందే ఉన్నాయి. వాటిని కలిపి, పనిని కొత్తగా అమర్చడంతోనే అసలు లాభం చేకూరింది.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చింది. 2023లో ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, మరి ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. ఒక సంస్థలో వినియోగదారుల సందేహాలు తీర్చే 5 వేల మందికి పైగా ఉద్యోగుల పనిని వారు పరిశీలించారు. జవాబులు సూచించే కృత్రిమ మేధ వచ్చాక గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవారిలో, అంతగా నేర్పు లేనివారిలో ఈ పెరుగుదల 34 శాతం! ఆరితేరినవారికి మాత్రం పెద్దగా ప్రయోజనం కలగలేదు.

ఎందుకంటే ఆ యంత్రం నేర్చుకున్నది వారి దగ్గరే! నేర్పరులు ఏ చిక్కుకు ఎలా జవాబు చెప్పారో గమనించి, అదే కొత్తవారికి అందించింది.

ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను. “మా దగ్గర ఇన్ని కంప్యూటర్లున్నాయి” అని సంస్థలు చెప్పుకుంటాయి, బడులూ చెప్పుకుంటాయి. ఆ సంఖ్య చూసి మురిసిపోనక్కరలేదు. వాటివల్ల పని ఎలా మారిందో చెప్పమని అడగాలి. పని పద్ధతి మార్చేటప్పుడు, రోజూ ఆ పని చేసేవారిని ముందుగా సంప్రదించాలి. ఎక్కడ ఆలస్యమవుతోందో, ఎక్కడ చిక్కు పడుతోందో వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వారి నేర్పును యంత్రానికి ఎక్కించి లాభం పొందినప్పుడు, ఆ లాభంలో వారికీ వాటా ఉండడం న్యాయం. అలాకాక వారినే ఇంటికి పంపితే, రేపు కొత్త చిక్కు వచ్చినప్పుడు యంత్రం ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు మేనేజర్లవుతారు. ఈసారి బ్యాంకుకో, పోస్టాఫీసుకో, ఆస్పత్రికో వెళ్లినప్పుడు కాసేపు గమనించండి. అక్కడ కంప్యూటర్ ఉందా? అది వచ్చాక పని నిజంగా సులువైందా, లేక పాత ఇరుసుకే కొత్త మోటారు తగిలించారా? మీరే చూసి తేల్చండి!