చక్రం మూలుగుతుంటే కూలీలు మౌనంగా ఎందుకుండాలి?

నాట్లు మొదలైతే చాలు, తెల్లవారకముందే ట్రాక్టరు ట్రాలీలు కూలీలతో కిక్కిరిసిపోతాయి. సద్దిమూటలు, చంటిపిల్లలు అదనం. ట్రాలీ కింద ఒకటే మోత. ఏంటయ్యా ఆ చప్పుడని అడిగితే డ్రైవరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "బేరింగు పోయిందమ్మా. ఆసామికి చెప్పాను. సీజను కానీ, చూద్దామన్నాడు."

సీజను అయ్యేదాకా చక్రం ఆగుతుందా? ఆసామి మాట వింటుందా?

2018లో ఉమ్మడి నల్లగొండ ప్రాంతం రెండు ఘోరాలు చూసింది. ఏప్రిల్ 6న పి.ఎ.పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది, జూన్ 24న వేములకొండ దగ్గర మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆడకూలీలే. వాటికి కారణం బేరింగులని మనం అనడం లేదు. కాని ట్రాలీలో కూర్చున్న మనిషికి పట్టుకునే ఆధారం లేదని, దూకే వ్యవధి ఉండదని ఆ చావులు చెప్పాయి. అలాంటి బండికి ఏ లోపమూ చిన్నది కాదు.

ఎడ్లబండి ఇరుసుకు కందెన వెయ్యకుండా మనవాళ్ళు ఎన్నడూ ఊరు దాటలేదు. ట్రాలీ చక్రానికీ అదే ధర్మం. హబ్బులో లోపల ఒకటి, బయట ఒకటి బేరింగులు ఉంటాయి. రోలర్లున్న కోను, అది తిరిగే కప్పు, మధ్య గ్రీజు. దమ్ము చేసిన మళ్ళలో దిగినప్పుడు రబ్బరు సీలు పాడై ఉంటే బురదనీరు లోపలికి పోతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది. ఇనుము తుప్పు పట్టి గుంటలు పడుతుంది. అప్పుడే చక్రం మూలగడం మొదలెడుతుంది.

ఇంజను హోరులో డ్రైవరుకు ఆ మూలుగు వినపడకపోవచ్చు. చక్రం మీద కూర్చున్న కూలీకి వినపడుతుంది. కాబట్టి గుర్తుపట్టడం మనమే నేర్చుకోవాలి. టైరు చప్పుడు రోడ్డును బట్టి మారుతుంది. తారు మీద ఒకలా, కంకర మీద ఒకలా ఉంటుంది. బేరింగు మోత ఏ రోడ్డు మీదైనా ఉంటుంది, వేగంతో పెరుగుతుంది. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత హెచ్చితే అనుమానం కుడి చక్రం మీదే. కొంతదూరం పోయి ఆగాక ఒక హబ్బు మిగతావాటికంటే బాగా కాలుతుంటే అది మరో గుర్తు. చెయ్యి ఆనించొద్దు, దగ్గర పెడితేనే సెగ తెలుస్తుంది.

తేల్చుకోవాలంటే ట్రాలీ ఖాళీ చేసి, మిగతా చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, ఇరుసు కింద గట్టి దిమ్మ పెట్టాలి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరవద్దు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే కటకటలాడినా, తిప్పితే గరగరమన్నా బేరింగు అయిపోయినట్టే.

మార్చే పని మెకానిక్కుది. సరిగా చేశాడో లేదో చూసే పని మనది. కప్పు, కోను రెండూ కలిపి మార్చాలి. పాత కప్పులో కొత్త కోను వేస్తే నాలుగు రోజుల్లో కథ మొదటికొస్తుంది. హబ్బును కిరసనాయిలుతో కడిగి ఆరనివ్వాలి. గ్రీజు పైపైన పూస్తే చాలదు, రోలర్ల సందుల్లోకి ఎక్కించాలి. సీలు కొత్తది వెయ్యాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వెనక్కి వదలాలి. మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది, వదులైతే ఊగుతుంది. చివరికి కొత్త స్ప్లిట్ పిన్ను. ఎడ్లబండికి కడసీల ఎంతో దీనికి పిన్ను అంత. దాని బదులు మేకు, తీగ పెట్టే మొరటు పద్ధతిని సాగనివ్వకూడదు.

ఇదంతా ఒక్క పూట పని. మరి ఎందుకు చెయ్యరు? ఆ పూట బాడుగ పోతుందని! ఊడిన చక్రానికి డ్రైవరును జైలుకు పంపితే చాలుననుకునేవాళ్ళు ఈ లెక్క మరుస్తున్నారు. రిపేరు ఖర్చు యజమానిది. డ్రైవరు జీతంలో కొయ్యడానికి వీల్లేదు, కూలిలో పట్టుకోవడానికి అసలే వీల్లేదు. వాయిదాల అప్పుతో ట్రాక్టరు కొన్న చిన్నరైతు ఇబ్బంది మనకు తెలియనిది కాదు. అతను మన శత్రువు కాదు. బాకీ గురించి అతనితో కలిసి పోరాడదాం. కాని అతని వాయిదాకు మన ప్రాణం హామీ కాదు.

అసలు ట్రాలీ సరుకుల కోసం. అందులో మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం తప్పు. ప్రమాదం జరిగితే ఈ మాటే అడ్డం పెట్టుకుని బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టజూస్తాయి. మరి బస్సు లేని ఊరి కూలీ దేనిమీద పోవాలి? పని రోజుల్లో పొద్దున్నే బస్సు నడపమని ప్రభుత్వాన్ని నిలదీయాలి. అది సాధించేదాకా ప్రతి ముఠా ఒక కట్టుబాటు పెట్టుకోవాలి: మూలిగే చక్రమున్న బండి ఎక్కేది లేదు.

ఒక్కరు దిగితే "రేపట్నుంచి నువ్వు రావొద్దు" అంటాడు మేస్త్రీ. ముప్పైమందీ దిగితే బండే మెకానిక్కు దగ్గరకు పోతుంది.