రక్షణలు కాదు, రాష్ట్రం కావాలి

రక్షిత మంచినీరు, రక్షక తడి, చేనేత రక్షణ, రాజ్యాంగ రక్షణలు... సీమలో పుట్టినవాడు ఈ మాటలు వింటూనే పెరుగుతాడు. హిందూపురంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఆడపడుచుకు ఈ మాట తెలుసు. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతన్నకు తెలుసు. పెనుకొండలో గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న నిరుద్యోగికీ తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ముగ్గురూ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇచ్చిన రక్షణ అమలు కాకపోతే మనం ఎవరిని నిలదీయాలి? ఎక్కడికి పోయి అడగాలి?

పెనుకొండ కోటతోనే మొదలుపెడదాం. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడింది. హంపీని వదిలి వచ్చిన తిరుమలరాయలకు ఆశ్రయమిచ్చింది ఈ కొండే. కొన్నేళ్లు ఇది సామ్రాజ్యానికి రాజధాని. ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి తరలింది. రాజు పోయాడు, గోడలు మిగిలాయి. సరిగ్గా ఇలాంటి కథే మన తాతల కళ్ల ముందు మళ్లీ జరిగింది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. రాజధాని పోయింది, కర్నూలుకు జ్ఞాపకం మిగిలింది.

ఆ రాజధాని ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒడంబడిక అది. సంతకం చేసినవారిలో హిందూపురం ప్రాంతపు స్వాతంత్ర్య యోధుడు కల్లూరు సుబ్బారావు ఉన్నారు. రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు, ఏది కావాలో కోరుకునే హక్కు సీమదే. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో సీమకు, నెల్లూరుకు ముందు ప్రాధాన్యం. సీమకు విశ్వవిద్యాలయ కేంద్రం. ఇవీ రక్షణలు. వీటిని నమ్మే మన పెద్దలు ఆంధ్ర రాష్ట్రానికి సరేనన్నారు. ఒడంబడికలో అన్నీ ఉన్నాయి. తప్పితే ఏ కోర్టులో అడగాలన్నది మాత్రం లేదు. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా హైకోర్టు వచ్చినప్పుడు అదీ అమరావతిలోనే పెట్టారు. శ్రీబాగ్ కాగితం పట్టుకుని మనం ఏ మెట్లు ఎక్కగలిగాం?

ఇక నీళ్ల సంగతి. తెల్లదొరలు నీటిపారుదల పనులను రెండు పద్దుల్లో రాసేవారు. ఆదాయం తెచ్చేవి లాభసాటి పనులు. కరువు పడకుండా ఆదుకునేవి రక్షక పనులు. డెల్టాలది మొదటి పద్దు, మనలాంటి మెట్ట నేలలది రెండో పద్దు. రక్షక సాగు అంటే పైరు పండేందుకు కాదు, చావకుండా ఉండేందుకు ఇచ్చే తడి!

దొరలు పోయారు, పద్దు పోలేదు. 1973లో, ఆపైన 1976లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీటిని పంచింది. 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, పరిశీలనలో ఉన్న ప్రాజెక్టుల వాడకానికి రక్షణ కల్పించింది. అంటే అప్పటికే ఉన్నవాడికి రక్షణ. కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు, నాగార్జునసాగర్‌కు 281 టీఎంసీలు. మన కె.సి. కాలువకు 39.9, అనంతపురం ఎగువ కాలువకు 32.5. తుంగభద్ర జలాశయంలో పూడిక పేరుకుపోయి, ఆ 32.5 కూడా ఏటా పూర్తిగా అందుతుందన్న భరోసా లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఎదురుచూసిన హంద్రీ-నీవాకు 40 టీఎంసీలు రాశారు. అది నికర జలం కాదు, శ్రీశైలంలో వరద వస్తే దొరికే మిగులు జలం. పక్కవాడిది హక్కు, మనది వరద! 2014 విభజన చట్టం పదకొండో షెడ్యూలులో హంద్రీ-నీవా పేరు చేర్చారు. నిర్మాణానికి భరోసా దొరికింది కానీ నికర జలం దొరకలేదు.

కృష్ణా నీటిపై 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇచ్చింది. అక్కడి వాదన ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు మధ్య. అంతర్‌రాష్ట్ర జలవివాదాల చట్టం కింద రాష్ట్రమే కక్షిదారు, ప్రాంతం కాదు. డెల్టా ప్రయోజనం, సీమ ప్రయోజనం ఎదురుపడిన చోట ఒకే వకీలు ఇద్దరి తరఫునా ఎలా వాదిస్తాడు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాకే పాలకులు మాకు సమైక్యత పాఠాలు చెప్పాలి.

పట్టు కథ ఇంకా చిక్కైనది. ముడి పట్టు దిగుమతి సుంకాన్ని కూడా రక్షణ అనే అంటారు. 2011లో కేంద్రం దాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించింది. గూళ్ల ధర పడిపోయింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు వచ్చే రైతు కుదేలయ్యాడు. 2013లో 15 శాతానికి పెంచారు. తర్వాత 10కి తగ్గించి, 2021లో మళ్లీ 15 చేశారు. సుంకం పెరిగితే రైతుకు ఊరట, ధర్మవరం నేతన్నకు నూలు భారం. ఒకే జిల్లాలో ఒకరికి గొడుగైనది ఇంకొకరికి బరువు. సుంకం ఢిల్లీ చేతిలోనిదే, ప్రత్యేక రాష్ట్రం వచ్చినా మన చేతికి రాదు. ఆ సంగతి దాచనక్కర లేదు. కానీ గూళ్లకు ప్రోత్సాహక ధర, నూలుకు రాయితీ రాష్ట్ర బడ్జెట్ చేయగల పనులే. రైతునూ నేతన్ననూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి తేల్చాల్సిన లెక్క ఇది. ఆ బల్ల ఎక్కడుంది?

చేనేతకు 1985 రిజర్వేషన్ చట్టం ఉంది. 1986లో 22 రకాలను మగ్గానికి కేటాయించారు, 1996లో వాటిని 11కు కుదించారు. ఈ చట్టం చెల్లుతుందని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ధర్మవరం పట్టుచీరకు, పావడాకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయినా మరమగ్గం మీద నేసిన నకలు చేనేత పేరుతో అంగళ్లలో అమ్ముడుపోతూనే ఉంది. తనిఖీ లేని చట్టం కావలి లేని చేను.

ఉద్యోగులకు 371-డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు గురించి మేము చెప్పాల్సిన పని లేదు. సీమ నాలుగు జిల్లాలు నాలుగో జోన్. జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకు. వినడానికి బాగుంది. అయితే నిర్ణయాలు జరిగే సచివాలయాన్ని, శాఖాధిపతుల కార్యాలయాలను ఆ ఉత్తర్వు పరిధిలోకే తీసుకురాలేదు. కింద కుర్చీలకు రక్షణ, పై కుర్చీలకు మినహాయింపు!

"ముఖ్యమంత్రులు మీవాళ్లే కదా, ఇంకేం కావాలి?" అని కొందరు ఎగతాళి చేస్తారు. నిజమే. నీలం సంజీవరెడ్డి మొదలు ఎందరో సీమ బిడ్డలు ఆ పీఠం ఎక్కారు. హిందూపురం ఓటర్లు 1985, 1989, 1994లో ఎన్టీ రామారావును గెలిపించుకున్నారు. సీమ కరువు తీరిందా? మనిషి మనవాడైతే చాలదు. అతని పీఠం ఏ ఓట్ల మీద నిలబడిందన్నదే లెక్క. సీమ ఓట్లు మాత్రమే చాలని అసెంబ్లీలో ఎవరు కూర్చున్నా మెజారిటీ వైపే మొగ్గుతారు. కంచే చేను మేసిందని ఏడవడం కన్నా, కంచె ఎవరి భూమిలో పాతారో చూసుకోవాలి.

తెలంగాణ సోదరులకూ 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం కింద రక్షణలు ఇచ్చారు. అవి నిలవలేదు. 1969లో విద్యార్థులు ప్రాణాలిచ్చారు. చివరికి 2014లో వారు తెచ్చుకున్నది ఇంకో రక్షణ కాదు, రాష్ట్రం.

రాష్ట్రం వచ్చిన మర్నాడే హిందూపురం కొళాయిల్లో కృష్ణమ్మ పారుతుందని మేము చెప్పం. అలా చెప్పేవారిని నమ్మొద్దు. బచావత్ కేటాయింపులు రాత్రికి రాత్రి మారవు. కానీ ట్రిబ్యునల్ ముందు సీమ పేరుతో ఒక వకీలు లేస్తాడు. బడ్జెట్‌లో మగ్గానికి ఎంత, గూటికి ఎంత అని మన అసెంబ్లీలో మనమే తగవులాడుకుంటాం. తప్పు చేసినవాడిని మన ఓటుతోనే దించుతాం.

విద్యార్థులారా, శ్రీబాగ్ ఒడంబడికను పాఠంగా చదవండి. ఉద్యోగులారా, మీ శాఖల్లో సీమ వాటా లెక్కలు తీయండి. నేతన్నా, రైతన్నా, ఒకరి మీద ఒకరు అలగకండి. ఇకముందు ఎవరైనా మన ఊళ్లకొచ్చి రక్షణ ఇస్తామంటే ఒక్క మాట అడగండి: "తప్పితే నిన్ను దించే అధికారం మా చేతిలో ఉందా?"

లేదంటే, ఆ రక్షణ మనకొద్దు.