సముద్రం దాకా ఒంటరిగా కారేసుకొని పోవాలంటే ధైర్యం ఒక్కటే చాలదు



ఈమధ్య హాస్టళ్లలో రాత్రి అన్నం తిన్నాక చాలామంది ఫోన్లలో ఒకే రకం వీడియోలు. ఎవరో ఒకాయన అమెరికాలో కారు అద్దెకు తీసుకొని, కాలిఫోర్నియాలో సముద్రం పక్క రోడ్డు మీద ఒక్కడే పోతుంటాడు. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు. భయం వదిలేసి బయల్దేరితే చాలు, ప్రపంచమంతా మనదే అంటాడు. ఆ వీడియోలు నాకూ ఇష్టమే. నా పేచీ అంతా ఆ చివరి మాటతోనే.

ముందు మామూలు లెక్క చూద్దాం. పాస్‌పోర్టు, వీసా, ఇక్కడి లైసెన్సు, దాంతోపాటు ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఏడాది పర్మిట్, కారు కంపెనీ డిపాజిట్ పట్టుకోడానికి క్రెడిట్ కార్డు. డ్రైవరుకి 25 ఏళ్లు నిండకపోతే చాలా కంపెనీలు రోజుకింత అని అదనంగా గుంజుతాయి. సరే, ఇవన్నీ చదువుకొని, ఉద్యోగం తెచ్చుకుంటే సంపాదించుకోవచ్చు. కానీ కారు, డబ్బు, లైసెన్సు అన్నీ ఉన్నా రోడ్డు తమది కానివాళ్లు అదే దేశంలో ఉండేవాళ్లు.

న్యూయార్క్ హార్లెమ్‌లో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మ్యాన్ 1936 నుంచి ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లవాళ్లు కారులో పోతే ఏ ఊళ్లో గది ఇస్తారు, ఎక్కడ అన్నం పెడతారు అన్నదే అందులో ఉండేది. పొద్దుగూకాక నల్లవాళ్లు కనపడకూడదనే ఊళ్లు అప్పుడు బోలెడు. అలాంటిచోట ఒంటరి ప్రయాణం సరదా కాదు, ప్రాణాలతో చెలగాటం.

మరి వాళ్లు సముద్రానికి పోతే ఎక్కడ దిగాలి? లాస్ ఏంజెలెస్ పక్కన మాన్‌హటన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి మహిళ 1912లో 1,225 డాలర్లు పెట్టి స్థలం కొన్నది. భర్త చార్లెస్ రైలు భోజనాల బోగీలో వంటమనిషి. అతను రైలు మీద తిరుగుతుంటే ఆమే రిసార్టు నడిపింది. తిండి, డ్యాన్స్ హాలు, అద్దెకు ఈత బట్టలు. జనం బాగా వచ్చారు. చుట్టుపక్కల తెల్లవాళ్లకు కడుపు మండింది. పది నిమిషాలకు మించి కారు ఆపొద్దని బోర్డులు పెట్టారు, టైర్లు కోశారు. రిసార్టు ముందున్న ఇసుకకు తాడు కట్టేస్తే, ఎదురుగా ఉన్న నీళ్ల కోసం జనం చుట్టూ తిరిగి నడిచారు.

అయినా వాళ్లు కదల్లేదు. అప్పుడు చట్టాన్ని దించారు. 1924లో నగరం "పార్కు కడతాం" అని భూసేకరణ మొదలుపెట్టింది. బ్రూస్ కుటుంబం 1,20,000 డాలర్లు అడిగితే చేతికొచ్చింది 14,500. కట్టడాలు కూలగొట్టారు. అంత తొందరపడి తీసుకున్న భూమి ఆ తర్వాత దశాబ్దాలపాటు ఖాళీగా పడి ఉంది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. బ్రూస్ వాళ్లకు కాగితం లేక భూమి పోలేదు. కాగితం ఉండగానే పోయింది. "ప్రజా ప్రయోజనం" అనే మాట ముందు పట్టా నిలబడలేదు. ఆ మాట మన ఏజెన్సీకి కొత్త కాదు కదా.

తిరిగి ఎలా వచ్చింది? వాళ్ల మనవలు, మునిమనవలు, స్థానిక కార్యకర్తలు ఏళ్ల తరబడి గుర్తుచేస్తూనే ఉన్నారు. 2021లో కాలిఫోర్నియా దానికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. 2022లో భూమి వారసులకు చేరింది. మరుసటి ఏడాది వాళ్లు దాన్ని దాదాపు 2 కోట్ల డాలర్లకు కౌంటీకే అమ్ముకున్నారు. అమ్మడం తప్పని కొందరన్నారు. నా ఉద్దేశంలో కాదు. ఉంచుకోవాలా అమ్మాలా అని తేల్చుకునే హక్కే వాళ్లనుంచి లాక్కున్నది, అదే తిరిగొచ్చింది.

ఇంకో మాట. ఆ తీరం అంతకంటే ముందు టోంగ్వా అనే ఆదివాసీలది. వాళ్లకు ఇప్పటికీ అమెరికా కేంద్ర ప్రభుత్వ గుర్తింపు లేదు. కాబట్టి అక్కడ న్యాయం మొత్తం జరిగిపోయిందని నేను చెప్పట్లేదు.

"ప్రతిదాంట్లో భూమి గొడవేనా, సరదాగా చూడలేవా" అని అడిగే ఫ్రెండ్స్ ఉన్నారు. చూస్తాను. మనవాళ్లు కారేసుకొని ఆ రోడ్డు మీద పోవాలి, ఒక్కరే పోవాలి, మన అమ్మాయిలు కూడా పోవాలి. అయితే ఏ రిసార్టు ముందు దిగినా ఇది ముందు ఎవరిది అని ఒక్కసారి అడగాలి. అక్కడ అడగడం వస్తే మన కొండల్లో లేచే రిసార్టుల దగ్గరా అడగడం వస్తుంది. పేరు ఎవరిది, లాభం ఎవరిది, గ్రామసభ ఎప్పుడు జరిగింది అని.

1/70, పీసా మన చేతిలో ఉన్నాయి. కానీ బ్రూస్ వాళ్ల కథ చెప్పేది, చట్టం తనంతట తాను కాపాడదని. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి చదవండి. మీ భూముల గురించి అందులో ఏం రాసి ఉందో చూసి, చదవడం రాని పెద్దవాళ్లకు పైకి చదివి వినిపించండి.