భార్యాభర్తలు రెండు రోజులు బెంగుళూరు చూసి వస్తే తప్పేమిటి?

వేరుశనగ చెట్టు పెరికి, వామి వేసి, కాయ విడిపించి ఇంటికి చేర్చిన తర్వాత అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట రైతుకు కొద్ది రోజులు చేతిలో పని తగ్గుతుంది. కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి చలి ముదురుతుంది. బోరు కింద పైరు ఉన్నవారిని మినహాయిస్తే, మిగిలినవారికి ఏడాది మొత్తంలో దొరికే తీరిక ఈ నాలుగైదు వారాలే. ఈ తీరికలో మగవాడు రచ్చకట్ట చేరుకుంటాడు. ఆడమనిషికి రచ్చకట్ట కూడా లేదు. ఆమె తీరిక అంతా కాయలు వలవడానికి, కట్టె వామి సర్దడానికి, పాత బొంతలు కుట్టడానికి సరిపోతుంది.

ఈ రోజుల్లో భార్యాభర్తలు ఇద్దరే, పిల్లలను పెద్దల దగ్గర వదిలి, రెండు రోజులు పట్నం చూసి రావాలని ఎవరైనా అంటే పల్లెలో నవ్వుతారు. కొత్తగా పెండ్లయినవారైతే సరేగాని, పిల్లలు పుట్టిన తర్వాత ఈ సరదాలేమిటని అడుగుతారు. ఆ నవ్వులో న్యాయం లేదు.

జిల్లా ఆడవాళ్లు బెంగుళూరు చూడనివారు కారు. కదిరి, తనకల్లు, ముదిగుబ్బ ప్రాంతాల నుంచి వానలు ఎగ్గొట్టిన ఏడాదల్లా మూట కట్టుకుని భార్యాభర్తలు బెంగుళూరుకు కూలికి పోవడం అందరికీ తెలిసిందే. మూడంతస్తుల మేడకు కంకర మోసిన ఆడమనిషి ఆ మేడకు రెండు మైళ్ల దూరంలో ఉన్న లాల్‌బాగ్ తోటను చూసి ఉండదు. ఇంకొందరు పెద్దాసుపత్రికి పోయి ఉంటారు, వార్డు ముందు వరండాలో పడుకుని వచ్చి ఉంటారు. పట్నం అంటే కష్టం వచ్చినప్పుడు పోయే చోటుగానే మిగిలిపోయింది. కష్టం లేనప్పుడు, కాళ్లు బాగున్నప్పుడు, ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ ఆ ఊరినే చూడటం వేరు.

తిరుమలకు పోవడం లేదా అని కొందరు అడగవచ్చు. పోతున్నారు. కాని అది పదిమంది ప్రయాణం. అత్తమామలు, ఆడబిడ్డలు, పిల్లలు, తలనీలాలు ఇచ్చే పసివాడు. అందరి సంచులూ, అందరి సద్దిమూటలూ కోడలి చేతిలోనే ఉంటాయి. పుణ్యం దక్కుతుంది, అది కాదనలేము. కాని ఆమెకు విశ్రాంతి దక్కిందని మాత్రం చెప్పడానికి వీల్లేదు.

యూరపు దేశాల్లో డిసెంబరు వచ్చిందంటే భార్యాభర్తలు ఇద్దరే మూడు నాలుగు రోజులకు ఏదో ఒక పట్నం చూసి రావడం మామూలు. అక్కడ ఆ నెలలో చాలా చోట్ల సాయంత్రం నాలుగు దాటితే పొద్దు గూకుతుంది, చలికి చేతులు కొంకర్లు పోతాయి. అయినా పోతారు. జర్మనీలో న్యూరెంబర్గ్, ఆస్ట్రియాలో వియన్నా, ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ పట్నాల్లో క్రిస్మస్ ముందు వీధుల్లో పెద్ద సంతలు జరుగుతాయి. స్ట్రాస్‌బర్గ్ సంత 1570 నుంచి ఉన్నది. అంత దూరం పోయి వాళ్లు చేసేదేమిటంటే, దీపాలు చూడటం, వేయించిన గింజలు పొట్లం కట్టించుకుని తింటూ తిరగడం. దానికి నెలల ముందే టికెట్లు, బస చూసుకుంటారు.

అది డబ్బున్న దేశాల సంగతి, మనకెందుకు అని పక్కన పెట్టవలసిన పని లేదు. ఎందుకంటే చలికాలంలో వేయించిన గింజల సంత బెంగుళూరులోనే ఉన్నది. అది వేరుశనగ సంతే. బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి ముందు కార్తీకమాసం చివరి సోమవారం జరిగే ఆ పరిషను అక్కడివారు కడలెకాయి పరిషె అంటారు. బెంగుళూరు కోట కట్టించిన కెంపేగౌడ కట్టించిన గుడి అని చెప్పుకుంటారు. లోపలి నంది ఒకే రాతిలో చెక్కినది, సుమారు 15 అడుగుల ఎత్తు ఉంటుంది. పూర్వం ఆ చుట్టుపక్కల పల్లెల శనక్కాయ చేలలో ఒక ఎద్దు రోజూ పంట మేసిపోయేదనీ, రైతులు మొదటి పంట బసవన్నకే ఇస్తామని మొక్కుకున్నారనీ కథ. ఇప్పుడు ఆ పల్లెలు లేవు, చేలు లేవు, అన్నీ మేడలే. మొక్కు మాత్రం మిగిలింది. కోలారు, చిక్కబళ్లాపురం, తుమకూరు వైపు నుంచే కాక ఆంధ్ర నుంచి, తమిళనాడు నుంచి కూడా కాయల మూటలతో వస్తారు. పచ్చివి, ఉడికించినవి, వేయించినవి రోడ్డుకు రెండు పక్కలా కుప్పలు పోసి అమ్ముతారు. ఇటీవలి సంవత్సరాల్లో జనం ఎక్కువై అది ఒక్క సోమవారంతో ఆగడం లేదు.

అనంతపురం జిల్లా ఆడమనిషి ఆ సంతలో అడుగు పెడితే అక్కడ ఆమెకు మించిన పండితులు ఉండరు. పొట్టు గట్టిదా, గింజ నిండిందా, పుచ్చా, కాయ ఏ నేలదో, టీఎంవీ-2 రకమా కదిరి రకమా అన్నది చేత్తో పట్టుకుని చెప్పగలదు. పట్నపు జనం సేరుకు ఏ ధర పెడుతున్నారో కూడా కళ్లారా చూసుకుంటుంది. కళ్లంలో దళారి చెప్పే ధరకూ దానికీ ఎంత తేడా ఉన్నదో ఇంటికి వచ్చాక భర్తకే లెక్క చెబుతుంది. ఇది సరదా ప్రయాణమేగాని, ఈ లాభం మాత్రం తోసిపుచ్చలేనిది.

రెండో రోజు లాల్‌బాగ్. హైదరాలీ 1760లో మొదలుపెట్టిన తోట. అందులోని అద్దాల మేడ 1889లో లండను క్రిస్టల్ ప్యాలెస్ తీరున కట్టింది. లండనులోని అసలుది 1936లో కాలిపోయింది, లాల్‌బాగ్‌లోనిది నిలిచి ఉన్నది. కనుక ఆ ముచ్చటకు లండను దాకా పోనక్కరలేదు. జనవరి 26 ముందు అక్కడ పూల ప్రదర్శన పెడతారు. కార్తీకంలో వీలు కానివారు ఆ రోజులకు పోవచ్చు, అయితే సెలవు రోజున పోతే పూలకంటే తలలే ఎక్కువ కనబడతాయి. తోట మధ్యలో పెద్ద బండ ఒకటి ఉన్నది, మీద కెంపేగౌడ బురుజు. ఆ బండ వయస్సు మూడు వందల కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తల మాట. చూస్తే పెనుకొండ, మడకశిర దారిలో కనిపించే గుట్టల బండే. ఆ బండ మీద సాయంత్రం ఒక గంట కూర్చోవచ్చు. ఇంట్లో మాట్లాడుకోవడానికి వీలుపడని మాటలు భార్యాభర్తలకు ఎన్నో ఉంటాయి.

ఇక పోయే సంగతి. అనంతపురం నుంచి బెంగుళూరు రోడ్డున రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, హిందూపురం నుంచి వంద. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. కాని రాష్ట్రం దాటే బస్సులకు అది వర్తించదు. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఉన్న ఉచిత ప్రయాణం ఆ రాష్ట్రపు స్త్రీలకే. ఆధార్ కార్డు చూపి కండక్టరుతో వాదనకు దిగితే ప్రయోజనం ఉండదు. హిందూపురం దాకా బస్సులో పోయి అక్కడ రైలెక్కడం చౌక. రైలు దిగిన చోటే మెజెస్టిక్, అక్కడే మెట్రో. ఆకుపచ్చ లైనులో నేషనల్ కాలేజీ స్టేషనులో దిగితే బసవనగుడి నడక దూరం, తర్వాతి స్టేషనే లాల్‌బాగ్. మెట్రో తలుపులు క్షణంలో మూసుకుంటాయి. భార్యకు పది అడుగుల ముందు నడిచే అలవాటు ఉన్న మగవారు అక్కడ ఆ అలవాటు మానుకోకపోతే ఒకరు ఒక బండిలో, మరొకరు ప్లాట్‌ఫారం మీద మిగులుతారు. ఇద్దరి దగ్గరా చెరికొంత డబ్బు, ఒక చీటీ మీద ఫోను నంబరు ఉండటం మంచిది. లాడ్జిలో ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు. స్టేషను బయట సంచి పట్టుకుని లాగే బ్రోకర్లను నమ్మవద్దు.

ఖర్చు ఎంత అన్నది అసలు ప్రశ్న. 2025-26కు వేరుశనగ కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. చీరల అంగళ్లలోకి పోకుండా, మామూలు లాడ్జిలో ఒక రాత్రి ఉండి, హోటలు భోజనం రెండు పూటలు చేసి, మిగిలిన పూటలకు రొట్టెలు, ఊరిబిండి, బొరుగులు కట్టుకుపోతే అందులో సగంతో ఇద్దరూ వెళ్లి రావచ్చు. ఆ సగం క్వింటాలు పెరికినది ఎవరు, వలిచినది ఎవరు అని ఇంటి మగవాడు ఒకసారి తలచుకుంటే చాలు.

అయితే పంట ఎండిన ఏడాది సంగతి వేరు. వడ్డీకి తెచ్చి బెంగుళూరు చూడమని చెప్పడం ద్రోహం. అలాంటి ఏడాది లేపాక్షి ఉన్నది, తాడిపత్రి గుళ్లు ఉన్నాయి, గుత్తి కోట ఉన్నది. బస్సులో ఆడమనిషికి టికెట్టు లేదు, మగవాడు తన ఒక్క టికెట్టు కొనుక్కుంటే సరి. గుంతకల్లు, ఉరవకొండ, రాయదుర్గం వైపువారికి బెంగుళూరుకంటే హంపి దగ్గర, బళ్లారి మీదుగా పోవచ్చు. ఎక్కడికైనా ఇద్దరే పోవాలి. అది ముఖ్యం.

పెద్దవాళ్లు ఏమనుకుంటారో అనే భయం చాలా ఇళ్లలో ఉన్నది. ఈ భయం మగవాడే పోగొట్టాలి. "అమ్మా, రెండు రోజులు మేమిద్దరం బెంగుళూరు పోయొస్తాం" అని కొడుకు తల్లితో చెబితే ఒక మాట, కోడలు నోరు తెరిస్తే ఇంకొక మాట అవుతుంది. తల్లి మొదట మూతి తిప్పినా, తాను కూడా ఒకప్పుడు కోడలే కనుక లోలోపల కాదనదు. కాదన్నా రెండు రోజులే. అలాగే ఎక్కడికి పోవాలి, ఏమి చూడాలి అన్నది భార్యను అడగాలి. చాలామందిని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. అడిగిన వెంటనే ఆమె జవాబు చెప్పలేకపోవచ్చు. "నీ ఇష్టం" అంటుంది. రెండోసారి అడిగితే చెబుతుంది. విధానసౌధ చూడాలంటుందో, సినిమా అంటుందో, తాను కంకర మోసిన మేడ ఇప్పుడెట్లా ఉన్నదో చూడాలంటుందో!

ఈ చివరిది కూడా చూపించవలసిందే. అందులో ఎవరు కాపురం ఉంటున్నా, రోడ్డు మీద నిలబడి చూడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పంచాంగంలో కార్తీకం చివరి సోమవారం ఏ తేదీన పడిందో చూసుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరితే సోమవారం రాత్రికి ఇల్లు చేరవచ్చు. బయలుదేరే ముందు తేల్చుకోవలసినది ఒకటే ఉన్నది. ఆ రెండు రోజులు బర్రెకు పాలు పిండేదెవరు? ఈ మాట పక్కింటివారితో నాలుగు రోజుల ముందే అనుకోవాలి, వారి ప్రయాణానికి వీరు పిండుతామనే ఒప్పందం మీద.