శుభ్రపరచే చేతుల క్షేమమే ముందు

ఇల్లు శుభ్రంగా ఉండాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అయితే ఆ శుభ్రతను ఏ చేతులు సాధిస్తున్నాయి, అందుకు ఆ చేతులు చెల్లిస్తున్న మూల్యమెంత అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. నాలుగైదు ఇళ్లలో పాచిపని చేసుకొని జీవించే శ్రామిక మహిళ ప్రతి ఇంటిలోనూ ఒక కొత్త సీసాను ఎదుర్కొంటున్నది. అందులో ఏమున్నదో ఆమెకు చెప్పేవారు లేరు. సీసాపై అచ్చువేసిన హెచ్చరిక చాలాసార్లు ఆమె చదవగలిగిన భాషలో ఉండదు. చేతితొడుగులు ఇచ్చే ఇళ్లు బహు తక్కువ.

ఈ అజ్ఞాతంలోనే అసలు ప్రమాదం ఉన్నది. మరుగుదొడ్లు కడగడానికి వాడే యాసిడ్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. తెల్లదనం కోసం వాడే బ్లీచింగు ద్రావణంలో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. రెండూ కలిపితే రెట్టింపు శుభ్రమవుతుందని భావించి, తలుపు మూసి ఉన్న ఇరుకు గదిలో రెంటినీ పోస్తే వెలువడేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ రణక్షేత్రంలో సైనికులపై ప్రయోగించబడిన విషవాయువు ఇదే. యుద్ధంలో ఆయుధమైన ఈ వాయువు స్నానాల గదిలో పుట్టినా ఊపిరితిత్తులను కాల్చే గుణాన్ని వదలుకోదు.

ఇంటి శుభ్రతలో అధికభాగానికి ఇంతటి తీవ్ర రసాయనాలు అవసరమే లేదని మేము భావిస్తున్నాము. మన వంటింటి అల్మారాలోనే అందుకు తగిన సామగ్రి ఉన్నది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి, రాగి పాత్రలపై పట్టిన చిలుమును కరిగిస్తుంది. చిటికెడు ఉప్పు రాపిడికి తోడ్పడుతుంది. కుళాయిలపై, బకెట్లపై ఉప్పునీటి వలన పేరుకొనే తెల్లని పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. రసం పిండిన నిమ్మచెక్కతో రుద్ది, కొంతసేపు ఉంచి కడిగితే అది వదలుతుంది. వెనిగర్‌ను సమానమైన నీటితో కలిపితే కిటికీ అద్దాలకు సరిపోతుంది. పొయ్యిగట్టుపై జిడ్డుకు తడిగుడ్డపై చల్లిన వంటసోడా చాలును. పది కుంకుడుకాయలను గింజలు తీసి, అరలీటరు నీటిలో రాత్రంతా నానవేసి, ఉదయం మరగించి వడకట్టితే గిన్నెలకు, నేలకు పనికివచ్చే నురుగునీరు సిద్ధమవుతుంది. ఈ నీరు నిలవ ఉండదు కనుక రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే చేసుకోవాలి.

సహజమైనదంతా నిరపాయకరమని ప్రచారం చేయడం మా ఉద్దేశం కాదు. సున్నం సహజమైనదే, కంటిలో పడితే చూపు పోగలదు. కుంకుడురసం కంటిని ఎంత మండిస్తుందో తలంటు పోయించుకున్న ప్రతి బిడ్డకూ తెలుసు. పులుపు పదార్థాలు తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లను, పాలరాతిని తినివేస్తాయి. అవి సున్నపు జాతి రాళ్లు. వంటసోడాను, వెనిగర్‌ను కలిపినప్పుడు వచ్చే పొంగును చూసి అది బలమనుకోవడం భ్రమ. ఒకదాని గుణాన్ని మరొకటి హరించగా, మిగిలేది దాదాపు ఉప్పునీటి వంటిదే. కలరా, అతిసారం వంటి వ్యాధులు ఇంటిలో ఉన్నప్పుడు నిమ్మచెక్క క్రిమిసంహారిణి కాజాలదు. అక్కడ బ్లీచింగు ద్రావణం అవసరమే. కాని దానితో యాసిడ్‌ను మాత్రమే కాదు, నిమ్మరసాన్నీ వెనిగర్‌నూ కూడా కలుపరాదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. సీసాలోని రసాయనం సమయాన్ని ఆదా చేస్తుంది. చింతపండుతో తోమడానికి, కుంకుళ్లు నానవేసి మరగించడానికి సమయం, శ్రమ రెండూ కావాలి. ఆ సమయం ఎవరిది? సొంత ఇంటిలో అది గృహిణి పనిగంటలను పెంచుతుంది. పరాయి ఇంటిలో పనిమనిషి చాకిరీని పెంచుతుంది. సహజ పద్ధతులపై అభిమానంతో యాసిడ్ సీసాను విడిచిపెట్టిన యజమానురాలిని మేము అభినందిస్తాము. కాని సీసాపై మిగిలిన రూపాయలు తమ వద్దనే ఉంచుకొని, పెరిగిన అరగంట పనికి వేతనం ఇవ్వకపోతే ఆ సంస్కరణ శ్రామికురాలి ఖర్చుతో జరిగినదే అవుతుంది. కార్మిక కుటుంబాలలోనైనా అంట్లు తోమడం స్త్రీ జన్మహక్కు అన్నట్లు పురుషులు దూరంగా నిలబడడం ఉద్యమానికి శోభనివ్వదు.

గృహ శ్రామికులకు గౌరవప్రదమైన పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న 189వ ఒడంబడికను ఆమోదించింది. ప్రతి గృహ శ్రామికునికీ సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిస్థలం హక్కు అని దాని 13వ అధికరణం ప్రకటించింది. ఆనాడు అనుకూలంగా ఓటు వేసిన భారత ప్రభుత్వం ఒడంబడికను నేటికీ ధ్రువీకరించలేదు. ధ్రువీకరణ కోసం పోరాటం కొనసాగవలసిందే. అయితే వంటింటి గడప వద్ద అమలు కావలసినవి అంతవరకు ఆగనక్కరలేదు. పనిచేసే మనిషికి చేతితొడుగులు ఇవ్వాలి. ఏ సీసాలో ఏమున్నదో ఆమె భాషలో చెప్పాలి. పాత పానీయాల సీసాలలో యాసిడ్ పోసి ఉంచే అలవాటు మానుకోవాలి. పద్ధతి మారి పని పెరిగితే వేతనమూ పెరగాలి.

ఈ నాలుగు కోర్కెలను ప్రతి బస్తీ సమావేశంలో చర్చించి, గృహ శ్రామికులను సంఘటితపరచే కృషిలో భాగం చేయవలసిందిగా మా శాఖలను కోరుతున్నాము. నేల తళతళలాడితే చాలదు. దానిని తుడిచిన చేయి పుండు పడకుండా ఉన్ననాడే ఆ ఇల్లు నిజంగా శుభ్రమైనది.