జలసభలు – జలాశయములు

భారత జలసప్తాహము ఢిల్లీలో 2012లో తొలిసారి జరిగెను. జాతీయ జలవిధానము 1987, 2002, 2012 సంవత్సరములలో ముమ్మారు వెలువడెను. సభలకు కొదువ లేదు, పత్రములకు కొదువ లేదు, కొదువ నీటికే!

హైదరాబాదును జూడుడు. 1908 నాటి మూసీ వఱద వేలకొలది జనులను బలిగొన్న పిదప ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను వెలసెను. వాని పరీవాహక భూములను గాపాడుటకు 1996లో 111వ ఉత్తరువు పుట్టెను. అందలి నిర్బంధములను 2022లో ప్రభుత్వమే తొలగించెను. ఆ నీరు నగరమునకు ఇపుడు అక్కఱ లేదట! వాలున దానంతట వచ్చు నీటిని గాదని, 100 కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి కృష్ణను యంత్రములతో దోడి తెచ్చుట పొదుపా? వాననీరు ఇంకు నేల మేడలపాలైనచో రేపటి వఱదకు జవాబుదారులెవరు?

పౌరులారా! రాబోవు జలసభవారిని ముందుగా ఈ యొక్క ప్రశ్న యడుగుడు: ఈ భూములకు చట్టరక్షణ యెన్నడు?